ఒకే కారులో మూడు రకాల ప్రయాణికులు: బ్రెగ్జిట్ తర్వాత యూరప్ ట్రిప్

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. మీరు ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటారు. మీకూ, తొమ్మిదేళ్ల పాపకీ బ్రిటిష్ పాస్‌పోర్ట్. మీ ఆవిడకి ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది కానీ పాస్‌పోర్ట్ ఇండియాదే. అమ్మానాన్నలు జూన్‌లో గుంటూరు నుంచి వస్తున్నారు, యూకే విజిటర్ వీసా వచ్చేసింది. ఆగస్టులో అందరూ కలిసి కారులో పారిస్ మూడు రాత్రులు, స్విట్జర్లాండ్ ఆరు రాత్రులు. "బ్రెగ్జిట్ ఇబ్బంది బ్రిటిష్ పాస్‌పోర్ట్ వాళ్లకే కదా? ఇండియన్ పాస్‌పోర్ట్‌కి అప్పుడూ షెంగెన్ వీసా కావాలి, ఇప్పుడూ కావాలి. కొత్తగా మారిందేముంది?" అన్నది మీ అనుమానం.

నేనూ 2021 దాకా అలాగే అనుకున్నాను. మీ కారులో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది మీ ఆవిడ. ఆ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

షెంగెన్ అంటే లోపల సరిహద్దు తనిఖీలు లేకుండా ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు. బ్రిటన్ ఏనాడూ అందులో లేదు. అందుకే బ్రిటన్ ఇంకా ఈయూలో (యూరోపియన్ యూనియన్‌లో; దాన్ని వదిలి రావడమే బ్రెగ్జిట్) ఉన్నప్పుడు కూడా ఇక్కడ ఉండే మన వాళ్లకి పారిస్ వెళ్లాలంటే వీసా తప్పేది కాదు. అయితే ఆ రోజుల్లో ఒక వెసులుబాటు ఉండేది. ఈయూ పౌరుడు తన సొంత దేశం కాక మరో ఈయూ దేశానికి వెళ్తుంటే, అతని వెంట వెళ్లే భార్యకి వీసా ఫీజు లేకుండా, తొందరగా ఇవ్వాలని ఈయూ చట్టం. 2004లో వచ్చిన స్వేచ్ఛా సంచార నిబంధన అది. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, ఇన్సూరెన్స్ ఇవేవీ అడగకూడదు. పెళ్లి సర్టిఫికెట్, భర్త పాస్‌పోర్ట్, కలిసి ప్రయాణం చేస్తున్నారన్న రుజువు చాలు. మా ఆవిడకి 2014లో, 2017లో అలాగే వీసా తీసుకున్నాం. ఒక్క పౌండు కట్టలేదు. బ్రిటన్ 2020 జనవరి 31న బయటికి వచ్చేసింది, ఆ ఏడాది డిసెంబర్ 31తో పరివర్తన కాలం కూడా అయిపోయింది. మర్నాటి నుంచి మీరు ఈయూ పౌరుడు కారు, కాబట్టి మీ ఆవిడ ఈయూ పౌరుడి భార్యా కాదు. ఇప్పుడు ఆమె మామూలు దరఖాస్తుదారు. ఫీజు 90 యూరోలు, దాని మీద దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీస్ ఛార్జీ, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఉద్యోగం లెటరు, కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్, అన్నీ కావాలి.

విచిత్రం ఏంటంటే, మీ వీధిలో ఐర్లండ్ పాస్‌పోర్ట్ ఉన్న మనిషికి ఇండియన్ భార్య ఉంటే, ఆవిడ అతనితో కలిసి పారిస్ వెళ్లడానికి ఇప్పటికీ ఫీజు కట్టక్కర్లేదు. వీధి ఒకటే, వీసా సెంటర్ ఒకటే, భర్తల పాస్‌పోర్ట్ రంగు తేడా.

రంగు అంటే గుర్తొచ్చింది. 2020 మార్చి నుంచి కొత్త పాస్‌పోర్ట్‌లు నీలం రంగులో ఇస్తున్నారు. మన స్వతంత్రానికి గుర్తు అని ఇక్కడి నాయకులు గొప్పగా చెప్పుకున్నారు. ఆ కాంట్రాక్టు దక్కింది ఒక ఫ్రెంచి-డచ్ కంపెనీకి, అచ్చయ్యేది పోలండ్‌లో.

ఇంకో సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. ఈయూలో ఉండాలా వద్దా అని 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో మా ఆవిడ ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే ఓటేసింది. కామన్వెల్త్ దేశాల పౌరులు యూకేలో నివాసం ఉంటే ఓటు వేయవచ్చు. మా పక్కింట్లో పదేళ్లుగా ఉంటున్న పోలండ్ ఆవిడకి మాత్రం ఓటు లేదు. 51.9, 48.1 శాతాలతో బయటికే అని తేలిన ఉదయం ఆవిడ మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ "నిన్ను అడిగారు, నన్ను అడగలేదు" అంది. మా ఆవిడకి ఏం చెప్పాలో తోచలేదు.

సరే, పనిలోకి వద్దాం.

మీ ఆవిడ వీసా విషయంలో, మీరు ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. మీ ప్లాన్‌లో అది స్విట్జర్లాండ్. మొదట అడుగుపెట్టేది ఫ్రాన్స్ కదా అని ఫ్రాన్స్‌కి పెట్టకండి. రెండు దేశాల్లోనూ రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కకి వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజుల కంటే తక్కువ ఉంటే తీసుకోరు. ఆగస్టు ట్రిప్‌కి జూన్‌లో చూద్దాంలే అనుకుంటే అపాయింట్‌మెంట్ దొరకదు. ఏప్రిల్, మే నెలల్లోనే పట్టుకోండి. సెలవుల సీజన్‌లో ఇక్కడి స్లాట్లు తిరుమల ప్రత్యేక దర్శనం టికెట్లలా, తెరిచిన కాసేపటికే అయిపోతాయి.

పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, షెంగెన్ నుంచి తిరిగి వచ్చే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లుబాటు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఇంతకుముందు షెంగెన్‌కి వేలిముద్రలు ఇచ్చి 59 నెలలు దాటకపోతే వాటినే వాడుకోవచ్చు, కాబట్టి పాత వీసా కాపీ జత చేయండి.

ఇక్కడే నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. మా ఆవిడ పాస్‌పోర్ట్ 2025లో రెన్యూ అయింది. కొత్త పాస్‌పోర్ట్ మీద షెంగెన్ వీసా తీసుకున్నాం, వెళ్లాం, తిరిగాం, బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో చెక్-ఇన్ అమ్మాయి స్క్రీన్ చూసి "ఈవిడకి యూకే వెళ్లడానికి అనుమతి కనపడటం లేదు" అంది. ఐఎల్ఆర్ ఉంది తల్లీ, పదేళ్ల నుంచి ఉంది అన్నా వినలేదు. విషయం ఏంటంటే, పాత బీఆర్‌పీ (నివాస అనుమతి) కార్డులు 2024 డిసెంబర్ 31తో ముగిసిపోయాయి, ఇప్పుడంతా ఈ-వీసా. ఆ ఈ-వీసా మీ పాస్‌పోర్ట్ నంబరుకి కట్టి ఉంటుంది. కొత్త పాస్‌పోర్ట్ రాగానే యూకేవీఐ (యూకే వీసా విభాగం) ఖాతాలోకి వెళ్లి నంబరు మార్చాలి. మేం మార్చలేదు. పాత పాస్‌పోర్ట్ ఇంట్లో బీరువాలో ఉంది. షేర్ కోడ్ (ఈ-వీసా ఉందని ఆన్‌లైన్‌లో చూపించే నంబరు) తీసి చూపించి, వాళ్లు ఎవరికో ఫోన్ చేసి, చివరికి సరే అనేసరికి విమానం వెళ్లిపోయింది. నాలుగు కొత్త టికెట్లు, ఒక రాత్రి హోటల్, పిల్లల ఏడుపులు. మీ ఆవిడ ఖాతాలో ఉన్న నంబరూ, చేతిలో ఉన్న పాస్‌పోర్ట్ నంబరూ ఒకటేనా కాదా ఈ రోజే చూడండి. పాత పాస్‌పోర్ట్ కూడా వెంట పెట్టుకోండి.

ఇక మీ సంగతి, పాప సంగతి. మీకు వీసా అక్కర్లేదు. షెంగెన్ మొత్తం కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు ఉండవచ్చు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కే. షెంగెన్ అంటే ఇప్పుడు 29 దేశాలు. స్విట్జర్లాండ్, నార్వే ఈయూలో లేకపోయినా షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లండ్ ఈయూలో ఉన్నా షెంగెన్‌లో లేదు. పాస్‌పోర్ట్ నియమం మీ ఆవిడకి చెప్పిందే మీకూ వర్తిస్తుంది: అడుగుపెట్టే రోజుకి జారీ అయి పదేళ్లు దాటకూడదు, వచ్చేసే రోజు తర్వాత మూడు నెలలు ఉండాలి. 2018 సెప్టెంబర్ వరకు ఇక్కడి పాస్‌పోర్ట్ ఆఫీసు పాత పాస్‌పోర్ట్‌లో మిగిలిన నెలల్ని, తొమ్మిది వరకు, కొత్తదానికి కలిపి ఇచ్చేది. అలాంటి పాస్‌పోర్ట్‌లో చివరి తేదీ బాగానే కనిపిస్తుంది, జారీ తేదీ నుంచి లెక్కేస్తే పదేళ్లు నిండిపోయి ఉంటాయి. విమానం ఎక్కే దగ్గర ఎంతోమందిని ఆపింది ఇదే. మీది 2019 తర్వాతది అన్నారు కాబట్టి ఈ గొడవ లేదు. పాప పాస్‌పోర్ట్ అయిదేళ్లదే కదా, దాని చివరి తేదీ మాత్రం ఒకసారి చూడండి. పిల్లల పాస్‌పోర్ట్ తేదీ ఎవరికీ గుర్తుండదు.

మీరు 2018లో వెళ్లినప్పుడు పాస్‌పోర్ట్ ఊపి వెళ్లిపోయారు అని రాశారు. ఆ రోజులు పోయాయి. మిమ్మల్ని ఎక్కడ ఉంటారు, తిరుగు టికెట్ ఉందా, డబ్బుందా అని అడిగే హక్కు ఇప్పుడు సరిహద్దు అధికారికి ఉంది. నన్ను ఒక్కసారే అడిగారు, అదీ మర్యాదగానే. హోటల్ బుకింగ్ ఫోన్‌లో కాకుండా కాగితం మీద ఉంటే మాట తొందరగా ముగుస్తుంది.

కొత్తగా వచ్చింది ఈఈఎస్, అంటే షెంగెన్‌లోకి రాకపోకలు కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి. 2025 అక్టోబర్ 12న మొదలైంది, 2026 ఏప్రిల్ 10 నాటికి అన్నిచోట్లా పూర్తిగా అమలు చేయాలన్నది గడువు. పాస్‌పోర్ట్ మీద ముద్ర బదులు మొదటిసారి మీ ముఖం ఫొటో, వేలిముద్రలు తీసుకుని కంప్యూటర్‌లో పెడతారు. మామూలుగా మూడేళ్లు ఉంటుంది, ఆ తర్వాత ప్రయాణాల్లో సరిచూసుకుంటారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు ఉండవు, ఫొటో మాత్రమే, కాబట్టి పాపకి ఫొటో ఒక్కటే. మీ ఆవిడకీ, అమ్మానాన్నలకీ వీసా అప్పుడే వేలిముద్రలు తీసుకుని ఉంటారు, ఇక్కడ వాళ్లకీ ఫొటోనే. దీనికి రుసుము లేదు, ముందుగా ఎక్కడా నమోదు చేసుకుని డబ్బు కట్టే పని లేదు. దీని అసలు దెబ్బ ఎక్కడంటే, ఇదివరకు అధికారి ముద్ర వేయడం మర్చిపోతే రోజుల లెక్క ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు 91వ రోజున కంప్యూటరే పట్టుకుంటుంది. పది రోజుల ట్రిప్‌కి మీకు దీనితో పని లేదు. స్పెయిన్‌లో ఇల్లు కొనుక్కుని చలికాలమంతా అక్కడే గడిపే ఇక్కడి రిటైర్డ్ దొరలకి మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టే ఉంది.

ఎటియాస్ (వీసా అక్కర్లేనివాళ్లు బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన అనుమతి) గురించి కూడా అడిగారు. అది ఇంకా మొదలు కాలేదు. 2026 చివరి మూడు నెలల్లో అంటున్నారు, ఆగస్టు ట్రిప్‌కి మీకు అక్కర్లేదు. మొదలయ్యాక 20 యూరోలు, మూడేళ్లు చెల్లుతుంది, 18 లోపు, 70 పైబడిన వాళ్లకి రుసుము లేదు. వీసా అక్కర్లేని పాస్‌పోర్ట్‌లకే అది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నంతవరకు మీ ఆవిడకీ, అమ్మానాన్నలకీ సంబంధం లేదు. ఇప్పుడే ఎటియాస్ ఇప్పిస్తాం అనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, అవన్నీ డబ్బు గుంజేవే.

అమ్మానాన్నల విషయంలో మీరు ఒక తప్పు ఊహ మీద ఉన్నారు. "వాళ్లు ఇక్కడికి వచ్చాక లండన్‌లో షెంగెన్ వీసా తీయిస్తాను" అన్నారు. సాధారణంగా కుదరదండి. షెంగెన్ దరఖాస్తు మీరు చట్టబద్ధంగా నివసించే దేశంలో చేయాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడి నివాసులు కారు. సొంత దేశంలో ఎందుకు చేయలేకపోయారో గట్టి కారణం చూపిస్తే తీసుకోవచ్చని నిబంధనలో ఒక సందు ఉంది గానీ, "అప్పుడు తోచలేదు" అనేది గట్టి కారణం కాదు. కాబట్టి జూన్‌లో విమానం ఎక్కకముందే హైదరాబాద్‌లో ఇప్పించండి. గుంటూరు నుంచి ఒక రోజు వెళ్లి వేలిముద్రలు ఇచ్చి రావాలి. ప్రాసెసింగ్ మామూలుగా పదిహేను రోజులు, అనుమానాలుంటే 45 దాకా లాగవచ్చు. మే మొదటి వారం దాటనివ్వకండి. వాళ్ల ఖర్చు మీరు పెట్టుకుంటున్నట్టు లెటరు, మీ జీతం స్లిప్పులు, మీ బర్త్ సర్టిఫికెట్ జత చేయండి. నాన్నగారి పెన్షన్ కాగితాలు, ఇంటి పన్ను రసీదు కూడా పెట్టించండి. తిరిగి ఊరికి వస్తారన్న నమ్మకం కలగాలి, అంతే. మా నాన్నగారు ఒంగోలు దగ్గర రెండెకరాల పొలం పాస్‌బుక్ తీసుకెళ్లారు, అక్కడి అమ్మాయి దాన్ని చూసి నవ్వి, అయినా కాపీ తీసుకుందట.

ఇందులో ఒక మంచి కూడా ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఇండియాలో నివసిస్తూ అక్కడే దరఖాస్తు చేసే భారతీయులకి ఒక ప్రత్యేక పద్ధతి పెట్టారు. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడితే తర్వాత రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత పాస్‌పోర్ట్‌లో గడువు ఉంటే అయిదేళ్లది ఇవ్వవచ్చు. మీ ఆవిడ యూకేలో ఉంటుంది కాబట్టి ఆమెకి ఇది రాదు. అత్తగారికి కోడలి కంటే ముందే అయిదేళ్ల వీసా వచ్చే అవకాశం ఉందన్నమాట. మా ఇంట్లో అదే జరిగేలా ఉంది, ఆ విషయం మా అమ్మ రోజుకోసారి గుర్తుచేస్తుంది.

అమ్మానాన్నల విమానం టికెట్ కొనేశారా? కొనకపోతే ఇది చదివి కొనండి. బ్రెగ్జిట్‌లో నాకు తెలిసి ఎక్కువమంది తెలుగువాళ్లని నిజంగా ఏడిపించింది ఈ ఒక్క విషయమే. బ్రిటన్ ఈయూలో ఉన్నంతకాలం, చేతిలో యూకే వీసా ఉన్న భారతీయుడు ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారితే ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా అడిగేవారు కాదు. ఈయూ సభ్య దేశం వీసా ఉంది కాబట్టి మినహాయింపు. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ వీసాకి ఆ మినహాయింపు లేదు, అమెరికా, కెనడా, జపాన్ వీసాలకి మాత్రం ఉంది. విమానాశ్రయం దాటకుండా, ఊళ్లోకి వెళ్లకుండా, ఒక గేటు నుంచి ఇంకో గేటుకి నడిచి వెళ్లడానికి కూడా వీసా. చౌక టికెట్ కొనుక్కుని హీత్రోలో కౌంటర్ దగ్గర ఆగిపోయిన మన స్టూడెంట్లు ఎంతమందో. జర్మనీ 2026 జనవరిలో భారత పాస్‌పోర్ట్‌లకి ఈ ట్రాన్సిట్ వీసా ఎత్తేస్తామని ప్రకటించింది. మీరు కొనే రోజుకి అది అమల్లో ఉందా లేదా చూసుకునే కొనండి. మిగతా దేశాలది ఏ దేశానికి ఆ దేశం జాబితా. ఐఎల్ఆర్ ఉంది కదా అని మీ ఆవిడ విషయంలోనూ ధీమాగా ఉండకండి.

"అమ్మానాన్నలకి షెంగెన్ వీసా ఉంటుంది కదా, మరేం భయం?" అంటారేమో. అది సింగిల్ ఎంట్రీ అయితే ఆగస్టులో స్విట్జర్లాండ్ వెళ్లి రాగానే అయిపోయింది. అక్టోబర్‌లో ఇంటికి వెళ్లేటప్పుడు అది వాడేసిన టికెట్టే. పెద్దవాళ్ల కోసం నేనైతే లండన్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్, లేదంటే గల్ఫ్ మీదుగా చూస్తాను. నలభై, యాభై పౌండ్లు ఎక్కువైనా టెన్షన్ ఉండదు.

కారు ప్రయాణంలో ఒక చిక్కు ఉంది. డోవర్‌లో ఫెర్రీ ఎక్కినా, ఫోక్‌స్టన్‌లో సొరంగం రైలు ఎక్కినా, ఫ్రెంచి పోలీసులు ఇంగ్లండ్ గడ్డ మీదే మిమ్మల్ని తనిఖీ చేస్తారు. అవతలి ఒడ్డున ఫ్రాన్స్‌లోని కలే చేరాక ఆపరు. అంటే క్యూ అంతా ఇవతలే. 2022 జూలైలో సెలవులు మొదలైన వారాంతం డోవర్‌లో గంటల తరబడి కార్లు నిలిచిపోయాయి, ప్రతి పాస్‌పోర్ట్‌కీ ముద్ర వేయాల్సి రావడం కూడా అందుకు ఒక కారణం. ఇప్పుడు ముద్ర బదులు ఫొటో. అయిదుగురున్న మీ కారుకి సమయం ఎక్కువే పడుతుంది. ఆగస్టు శనివారం ఉదయం బయల్దేరకండి. మంగళ, బుధవారాల్లో తెల్లవారుజామున వెళ్లండి. అమ్మగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి కారులో తినడానికి ఏదో ఒకటి చేతికి అందేలా ఉండాలి.

తినడానికి అన్నాను కాబట్టి, ఇది మన వాళ్లు పట్టించుకోని సంగతి. 2021 నుంచి బ్రిటన్ నుంచి ఈయూలోకి వెళ్లేవాళ్లు మాంసం, పాలు, వాటితో చేసినవి తీసుకెళ్లకూడదు. ఆ జనవరిలోనే ఒక లారీ డ్రైవర్ చేతిలో ఉన్న హామ్ శాండ్‌విచ్‌ని డచ్ అధికారులు లాక్కున్న వీడియో ప్రపంచమంతా చూసింది. పాపం అతను రొట్టె అయినా ఉంచుకోవచ్చా అని అడిగాడు, దానికీ ఒప్పుకోలేదు. కాబట్టి పెరుగన్నం డబ్బా వద్దు, నెయ్యి సీసా వద్దు, చికెన్ పచ్చడి అసలే వద్దు. ఆవకాయకి ఏ అభ్యంతరమూ లేదు. కందిపొడి, కారప్పొడి పర్వాలేదు. దారికి పులిహోర అన్నిటికంటే మేలు, అందులో పాలూ లేవు, మాంసమూ లేదు. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, పళ్లు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లకూడదు. దానికి అయిదు పళ్లకే మినహాయింపు: అనాస, కొబ్బరి, దురియన్, అరటి, ఖర్జూరం. కొబ్బరికాయ, అరటిపళ్లు ఉన్నాయి చూశారా? ఆ జాబితా రాసినవాళ్లలో పూజలు చేసుకునే మనిషి ఎవరో ఉన్నారని మా అమ్మ గట్టి నమ్మకం.

తిరిగి వచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. పశువుల్లో గాలికుంటు వ్యాధి రావడంతో 2025 ఏప్రిల్ నుంచి ఈయూ నుంచి బ్రిటన్‌కి మాంసం, పాల పదార్థాలు సొంతానికి కూడా తీసుకురానివ్వడం లేదు. పారిస్‌లో కొన్న చీజ్ పారిస్‌లోనే తినేయండి. చాక్లెట్ తెచ్చుకోవచ్చు.

లైసెన్స్ విషయం చిన్నదే. మీ యూకే ఫొటోకార్డ్ లైసెన్స్ చాలు, ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కర్లేదు. గ్రీన్ కార్డ్ (విదేశాల్లో కారు ఇన్సూరెన్స్ ఉందని చూపించే కాగితం) అవసరం 2021 ఆగస్టులో పోయింది. నంబర్ ప్లేట్ మీద పాత ఈయూ నక్షత్రాలతో జీబీ అని ఉంటే, వెనక యూకే అనే స్టిక్కర్ అంటించాలి. స్విస్ హైవేలకి 40 ఫ్రాంకుల విన్యెట్ (టోల్ పాస్) ఆన్‌లైన్‌లో ముందే కొనండి. మీ కారు ఇన్సూరెన్స్ యూరప్‌లో చట్టం అడిగినంత కనీస కవర్ మాత్రమే ఇస్తుందా, పూర్తి కవర్ ఇస్తుందా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఫోన్ రోమింగ్ ఇప్పుడు చాలా నెట్‌వర్క్‌లు రోజుకి ఇంత అని వసూలు చేస్తున్నాయి, స్విట్జర్లాండ్‌ని వేరే రేటులో పెట్టినవి కూడా ఉన్నాయి. అయిదు ఫోన్లు, పది రోజులు, లెక్కేసుకోండి. ఈ-సిమ్ చవక.

ఆరోగ్యానికి పాత యూరప్ కార్డు బదులు ఇప్పుడు జీహెచ్‌ఐసీ కార్డు. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఉచితం, డబ్బు అడిగితే అది వేరే సైట్. అది అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి పనికొస్తుంది, మంచం మీద ఇంటికి చేర్చడానికి పనికిరాదు. అమ్మానాన్నలకి అది రాదు. వాళ్లకి ఇన్సూరెన్స్ కొనేటప్పుడు షుగర్, బీపీ ఉన్నట్టు చెప్పి, ప్రీమియం ఎక్కువైనా అదే తీసుకోండి. దాచి కొన్న పాలసీ ఆసుపత్రిలో చిత్తుకాగితం. మా మేనమామకి జర్మనీలో గుండెనొప్పి వచ్చినప్పుడు నేను చూశాను.

మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. "మధ్యలో రెండు రోజులు జ్యూరిక్‌లో క్లయింట్ ఆఫీసుకి వెళ్లి పని చేసుకుంటాను" అని చివర ఒక మాట రాశారు. ఆగండి. నేను 2013లో బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకుందే దీనికోసం. సోమవారం ఉదయం విమానం, గురువారం రాత్రి ఇల్లు, ఆరేళ్లు అలా యూరప్ క్లయింట్ల దగ్గర కాంట్రాక్టులు చేశాను. నాతోపాటు తెలుగువాళ్లు ఎంతోమంది. ఇండియన్ పాస్‌పోర్ట్ వదులుకుని, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు) తీసుకుని, మొత్తం యూరప్ మార్కెట్ చేతికొచ్చిందనుకున్నాం. ఒక్క రాత్రిలో అది ఒకే దేశం పాస్‌పోర్ట్ అయింది. ఇప్పుడు వీసా లేకుండా వెళ్లినవాళ్లు మీటింగ్‌లో కూర్చోవచ్చు, కాన్ఫరెన్స్‌కి వెళ్లవచ్చు. కూర్చుని కోడ్ రాయడం, సిస్టమ్ ఇన్‌స్టాల్ చేయడం పని కిందకి వస్తుంది, దానికి ప్రతి దేశానికీ వేరే నిబంధన. స్విట్జర్లాండ్‌లో అయితే ముందుగా నమోదో, పర్మిటో కావాల్సి రావచ్చు. మీ కంపెనీ హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. కుటుంబంతో సరిహద్దు దగ్గర నిలబడి, ఎందుకు వచ్చారంటే "హాలిడే, కొంచెం వర్క్" అని మాత్రం అనకండి.

షాపింగ్‌లో మాత్రం ఒక లాభం ఉంది. మీరు ఇప్పుడు ఈయూ బయటి మనిషి కాబట్టి ఫ్రాన్స్‌లో ఒకే షాపులో 100 యూరోలు దాటి కొంటే వ్యాట్ (అమ్మకం పన్ను) వెనక్కి అడగవచ్చు. లండన్‌లో ఆ సదుపాయం 2021 నుంచి ఎవరికీ లేదు, అమ్మగారికి కూడా. కాబట్టి ఊళ్లో పంచే బహుమతులు పారిస్‌లో కొనండి. అయితే మీరు పారిస్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్తున్నారు, అది ఈయూ కస్టమ్స్ పరిధిలో లేదు. ఆ కాగితాల మీద ముద్ర ఫ్రాన్స్ వదిలే సరిహద్దు దగ్గరే వేయించుకోవాలి, కలేలో కాదు. అక్కడ కస్టమ్స్ ఆఫీసు తెరిచి ఉండే వేళలు చూసుకుని బయల్దేరండి.

సరిహద్దు దగ్గర అయిదు పాస్‌పోర్ట్‌లు ఒక్కరి చేతిలోనే ఉండాలి, కవర్లు తీసేసి, ఫొటో పేజీ తెరిచి. మా ఇంట్లో ఆ డ్యూటీ మా పెద్దమ్మాయిది. ముందు హైదరాబాద్ అపాయింట్‌మెంట్ సంగతి చూడండి, తేదీ దొరికాక స్విస్ ఫారంలో ఏ గడి దగ్గర ఆగారో రాయండి, చెబుతాను.